అత్తగారు సర్దిన గది

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. హోటల్లో తమ గదిని ఎవరూ ఊడవకుండా చూసుకోవాలి, అంతే.

అది ఆ హోటలు పెట్టిన పద్ధతే. మెంబరు కార్డు ఉన్నవాళ్లు "ఇవాళ మా గది శుభ్రం చేయనక్కర్లేదు" అనే పచ్చ అట్టను తలుపుకి తగిలిస్తే, వాళ్ల ఖాతాలో అదనంగా పాయింట్లు పడతాయి. అల్లుడు మోటారు పంపుల కంపెనీలో సేల్స్‌మన్. ఊరూరా తిరుగుతూ, ఈ హోటలు శాఖల్లోనే ఒంటరిగా పడుకుంటూ, చల్లారిన కాఫీలు తాగుతూ కొన్నేళ్లపాటు పాయింట్లు కూడబెట్టాడు. ఆ పాయింట్ల మీదే ఇప్పుడు భార్యనీ, కూతురినీ, అత్తగారినీ వెంటబెట్టుకొచ్చాడు. గది ఊరికే వచ్చిందన్న సంగతి దారిపొడవునా అత్తగారికి చెబుతూనే ఉన్నాడు.

"ఊరికే ఇచ్చారంటే ఎక్కడో లోపం ఉండే ఉంటుంది," అందావిడ.

అత్తగారు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ వార్డులో దుప్పటి ముడత పడితే రోగులే లేచి సరిచేసుకునేవారని చెప్పుకుంటారు. అలాంటావిడ అల్లుడు పచ్చ అట్ట తగిలించడం కళ్లారా చూసింది.

"పక్క తీయని గదిలో నేను కూర్చోలేను అల్లుడుగారూ."

"ఇవాళ్టికి ఓర్చుకోండి అత్తయ్యగారూ. ఒక్కరోజు దుమ్ముకి ఎవరూ పోరు."

"మా వార్డులో పోయారు."

అల్లుడు అందరినీ టిఫినుకి తీసుకెళ్లాడు. అక్కడ అతను, గుడ్లు, రొట్టెలు, పండ్లు మధ్యాహ్నానికి కూడా సరిపోయేలా తినమని భార్యకి నచ్చజెబుతుంటే, అత్తగారు మోకాలి నొప్పని చెప్పి ముందుగా పైకి వెళ్లిపోయింది.

మోకాలు బాగానే ఉంది. ఆవిడ మనసే గదిలో ఉంది. వరండా మలుపులో శుభ్రం చేసే ట్రాలీ ఒకటి ఒంటరిగా నిలబడి ఉంది. తువ్వాళ్లు, సబ్బులు, చీపురు, సీసాల్లో రంగురంగుల మందునీళ్లు. చుట్టూ చూసింది. ఎవరూ లేరు. తోసుకుంటూ తమ గదికి తీసుకెళ్లింది. ఊడ్చింది, తుడిచింది, దుప్పట్లు మార్చి మంచం అంచుల కింద బిగించింది. ట్రాలీని మళ్లీ యథాస్థానంలో పెట్టేసి ఉంటే ఈ కథ లేదు.

ఆవిడ కట్టుకున్నది లేత నీలం చీర. హోటల్లో గదులు శుభ్రం చేసేవాళ్ల యూనిఫారమూ లేత నీలం చీరే. ట్రాలీతో బయటికి రాగానే పక్క గది తలుపు తెరుచుకుంది. సగం మొహానికి సబ్బు నురగతో ఒకాయన తల బయటపెట్టాడు.

"అమ్మా, కాస్త నా గది కూడా సర్దిపెట్టండి. నేను కిందికెళ్లి హాల్లో మైకు సంగతి చూసుకొస్తాను." మిగతా సగం గడ్డం హడావిడిగా గీసేసుకుని, తలుపు బార్లా తెరిచి వెళ్లిపోయాడు.

అత్తగారు లోపలికి తొంగిచూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. మంచం మీద రంగు రుమాళ్లు చిక్కులు చిక్కులుగా పడి ఉన్నాయి. పేకముక్కలు, బోర్లా పడ్డ టోపీ, ఓ మూల మనిషి పట్టేంత పెట్టె. అడిగినవాణ్ణి కాదనడం ఆవిడకి చేతకాదు. చీర చెంగు దోపుకుంది.

కాసేపటికి ఈతకొలనులోకి దిగడానికి తువ్వాళ్ల కోసం అల్లుడు కూతురితో పైకి వచ్చాడు. తలుపుకి పచ్చ అట్ట అలాగే ఉంది. లోపల గది మాత్రం అద్దంలా మెరిసిపోతోంది.

"ఎవరు? ఎవరు ఊడ్చారిది?" అని గావుకేక పెట్టాడు.

"పక్క గదిలో అమ్మమ్మ గొంతు వినిపిస్తోంది నాన్నా," అంది కూతురు.

పరుగెత్తాడు. అత్తగారు నడుం మీద చేతులు పెట్టుకుని తన పనిని తానే మెచ్చుకుంటోంది.

"రండి రండి. ఈ అబ్బాయికి ఎవరూ లేరు కాబోలు పాపం. రుమాళ్లన్నీ ఒకదానికొకటి ముళ్లుపడిపోతే విప్పి ఇస్త్రీ చేశాను. పేకలో ఇస్పేటు రాజులే బోలెడున్నారు. ఒకణ్ణి ఉంచి మిగతావాళ్లని చెత్తబుట్టలో వేశాను. టోపీకి లోపల పెద్ద చిరుగు ఉంటే కుట్టేశాను."

"ఆ పెట్టె?" అల్లుడు మూలకి వేలు చూపించాడు.

"దానికి అడుగు ఊడి వేలాడుతోంది. ఏసీ బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్ చేత మేకులు కొట్టించాను."

అల్లుడు గోడవైపు చూశాడు. హ్యాంగరుకి తళతళలాడే కోటు. దాని పక్కన రంగుల కాగితం: ఈ మధ్యాహ్నం హాల్లో ఇంద్రజాల ప్రదర్శన, బస చేసినవారందరికీ ఆహ్వానం.

"అత్తయ్యగారూ, ఆయన మెజీషియన్!"

"ఎవరైతే ఏం, శుభ్రత ఉండాలి కదా."

గొడవ బయటపడితే మెంబరు కార్డు రద్దు. కొన్నేళ్ల చల్లటి కాఫీలు నేలపాలు. అల్లుడు రెండు రుమాళ్లు తీసుకుని ముడివేయబోయాడు. ఇస్త్రీ చేసిన పట్టుగుడ్డ జారిపోయింది. గోళ్లతో మేకులు లాగబోయాడు. మేకులు రాలేదు గానీ గోరు ఊడినంత పనైంది. ఇంతలో లిఫ్టు గంట మోగింది. అత్తగారిని తమ గదిలోకి తోసి, తలుపేసి, ట్రాలీ పట్టుకుని వరండాలో పరుగందుకున్నాడు. వెనకాలే కూతురు.

"ఏమయ్యా, తువ్వాలు!" ఒక తలుపు తెరుచుకుంది. ఇచ్చాడు. "సబ్బు!" ఇంకో తలుపు. అదీ ఇచ్చాడు. "మా బాత్‌రూములో నీళ్లు సన్నగా వస్తున్నాయి, ఒకసారి చూడు బాబూ," అందొక పెద్దావిడ. పంపులు అమ్మే మనిషి కదా, అంత కంగారులోనూ నోరు ఊరుకోలేదు. "మీకు ప్రెషర్ పంపు కావాలండీ, మా కంపెనీలో అయితే..." అని మొదలుపెట్టేసరికి మేనేజరు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"మీరు గెస్టు కదండీ? మా ట్రాలీ మీ దగ్గరికెలా వచ్చింది?"

"దారికి అడ్డంగా ఉంటే... పక్కకి తోస్తున్నానండీ."

"ఎవరో నీలం చీర ఆవిడ దీన్ని తోసుకెళ్లిందని మావాళ్లు చెప్పారు. ఆవిడ మీకు తెలుసా?"

"అబ్బే, ఎవరో ఏమిటో నాకేం తెలుసండీ!"

"అమ్మమ్మే కదా నాన్నా," అంది కూతురు.

అల్లుడు గట్టిగా నవ్వాడు. "మా అమ్మాయి కాస్త పెద్దవాళ్లెవరు కనబడినా అమ్మమ్మ అంటుందండీ. అలా పెంచాం."

మధ్యాహ్నం తలనొప్పని చెప్పి గదిలోనే ఉండిపోదామనుకున్నాడు. "ఊరికే చూపిస్తుంటే మానేస్తారేంటండీ? మీకు జ్వరం గానీ వచ్చిందా?" అని భార్య లాక్కెళ్లింది. హాలంతా ఏదో కంపెనీ వార్షిక సమావేశానికి వచ్చినవాళ్లతో నిండి ఉంది. ముందు వరుసల్లోవాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు.

మెజీషియన్ తన సహాయకుడు హడావిడిగా కోటు చేతిలో దోపిన రుమాళ్లలోంచి ఒకటి లాగాడు. వెనకాల బారెడు వరస రావాలి. రాలేదు. వచ్చిన ఒక్కటీ నలుచదరంగా మడతపెట్టి ఉంది. మళ్లీ లాగాడు. ఇంకో మడత. ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన చెమట తుడుచుకోవడానికి దాన్నే వాడాడు.

పేక పట్టుకుని ముందు వరుసలోని ఛైర్మనుగారి దగ్గరికి వెళ్లాడు. "ఒక ముక్క తీయండి. మీరు తీసింది ఇస్పేటు రాజు!"

"కళావరు రెండు," అన్నాడాయన.

"ఇంకోటి తీయండి సార్."

"ఆటీను ఏడు."

ఫోన్లు జేబుల్లోకి వెళ్లాయి. టోపీలోకి పెట్టిన చెయ్యి మణికట్టు దాకా కూడా దిగలేదు. నవ్వులు పెరిగాయి. చివరి ఆశగా మెజీషియన్ పెట్టెలోకి దూరి, మాయమైపోతున్నానని ప్రకటించి మూత వేసుకున్నాడు. లోపల దబదబ చప్పుడు. సహాయకుడు మూత తెరిచాడు. మెజీషియన్ మోకాళ్లు ముడుచుకుని అక్కడే ఉన్నాడు.

"ఇంకా ఇక్కడే ఉన్నాను," అన్నాడు దీనంగా.

హాలు పగలబడి నవ్వింది. అత్తగారికి మాత్రం జాలేసింది. అల్లుడు కొంగు పట్టుకుని ఆపుతున్నా లేచి నిలబడింది.

"అలా తన్నకు బాబూ! అడుక్కి నేనే మేకులు కొట్టించాను. కాలు విరుగుతుంది!"

అంతే. జనం కుర్చీల మీదినుంచి జారిపోయారు. మెజీషియన్ ఆవిడకేసి చూశాడు. పొద్దున సర్ది ఉన్న గది, మడతపెట్టిన రుమాళ్లు, కుట్టిన టోపీ అన్నీ ఒక్కసారిగా అర్థమైనట్టున్నాయి. ఆయన మొహం ఎర్రబడింది. తర్వాత హాలువైపు చూశాడు. అందరూ తనవైపే చూస్తున్నారు, కళ్లనీళ్లు తుడుచుకుంటూ. తన ప్రదర్శనలో అది ఆయనకి కొత్త.

"పైకి రండమ్మా," అన్నాడు.

ఆవిడ వెళ్లింది. మొదట ఆయన కాలరు సరిచేసింది. తర్వాత పెట్టెలోంచి లేవదీస్తూ, "ఇంత ఇరుకులో దూరితే వెన్ను పట్టేస్తుంది," అని మందలించింది. చప్పట్లు మోగిపోయాయి. ఇది ఎన్నాళ్లో సాధన చేసిన హాస్యమని అందరూ నమ్మారు. కంపెనీ శాఖలన్నింటిలోనూ ఇదే ప్రదర్శన ఇవ్వాలని ఛైర్మను అక్కడికక్కడే మాట తీసుకున్నాడు. మెజీషియన్ అత్తగారి కాళ్లకి దండం పెట్టి, మేకులు పీకించనని ప్రమాణం చేశాడు.

మేనేజరు పూలగుత్తితో పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, మా హోటలు తరఫున మీ కుటుంబానికి వారం రోజుల బస ఉచితం. మీ వాళ్లెవరు?"

"నేనేనండీ! మా అత్తగారే!" అల్లుడు మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

"పొద్దున తెలీదన్నారు కదా?"

"అప్పుడు కళ్లద్దాలు పెట్టుకోలేదండీ."

"మీకు కళ్లద్దాలెప్పుడొచ్చాయండీ?" కింద నుంచి భార్య అడిగింది.

అత్తగారు అల్లుణ్ణి ఒకసారి ఎగాదిగా చూసింది. ఆ చూపుకి వార్డులో మందు తాగనన్నవాళ్లు సీసా ఖాళీ చేసేవారు. అల్లుడు తల వంచుకున్నాడు.

"పోనీలెండి, కంగారులో అనుంటారు," అని ఆవిడ మేనేజరు వైపు తిరిగింది. "వారం రోజులు మాత్రం వద్దు బాబూ."

"అత్తయ్యగారూ!" అల్లుడు గుండెలు పట్టుకున్నాడు.

"నా వయసుకి ఈ హోటలు పనులు నావల్ల కాదు. సెలవంటే కాస్త విశ్రాంతి ఉండాలి."

ఎంత బతిమాలినా ఆవిడ మాట మార్చుకోలేదు. ఆ మరుసటి వారం నుంచి అల్లుడు మళ్లీ పాయింట్ల కోసం ఇంకా దూరపు ఊళ్లకి వెళ్లి పంపులు అమ్మడం మొదలుపెట్టాడు.