ముప్పై ఆరు నల్లదారాలు

ధర్మపురి బస్టాండులో టైంకీపరుగా పనిచేసే కుమరేశన్ ఆ ఆదివారానికి తనకోసం ఒక టైంటేబులు వేసుకున్నాడు. వేయవలసిన ముడులు నూట ఎనభై. ముడికి మూడు నిమిషాలు. పొద్దున ఆరింటికి మొదలుపెడితే మధ్యాహ్నం మూడింటికి పూర్తి. గడ్డం గీసుకుని, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడానికి గంట. సరిగ్గా నాలుగింటికి హోసూరు నుంచి కెప్టెన్ గుణశేఖరన్ గారు వస్తారు. ఇందులో టిఫినుకు, భోజనానికి చోటు లేదు. మారండహళ్ళి బస్సుకైనా ఐదు నిమిషాలు ఓపిక పడతాడు గానీ తన విషయంలో ఆయన మహా కఠినుడు.

ముడులు వేయవలసింది ఓడకు. మూరన్నర పొడవున్న కొయ్య ఓడ, మూడు తెరచాప స్తంభాలు, చూసినవాడి నోట మాట రాకుండా చేసే పని. పన్నెండేళ్ళప్పుడు స్కూలు వాళ్ళు తూత్తుకుడి తీసుకుపోతే, అక్కడ సరుకు నింపుకున్న ఒక తెరచాప ఓడ గాలి పట్టుకుని సముద్రంలోకి సాగిపోవడం చూశాడు. ఇంజను లేదు, పొగ లేదు. ఒట్టి గుడ్డ, తాళ్ళు, గాలి. ఆ రోజు తెరుచుకున్న నోరు ఇంకా పూర్తిగా మూసుకోలేదని భార్య చిత్ర అంటూ ఉంటుంది. మూడేళ్ళుగా పొద్దున్నే డ్యూటీకి పోయే ముందు గది తలుపు వేసుకుని, ఒక్కో చెక్కా అతికించి, ఒక్కో తాడూ కట్టి ఇంతవరకూ తెచ్చాడు.

ఇక మిగిలింది నావికులు స్తంభం ఎక్కే తాళ్ళ నిచ్చెన. ఎడమ పక్కది అయింది, కుడి పక్కది కావాలి. ముప్పై ఆరు మెట్లు, మెట్టుకు ఐదు ముడులు. చెన్నైలో జరిగే చిన్న ఓడల ప్రదర్శనకు ఏది పోవాలో తేల్చేది కెప్టెన్ గారే. వచ్చే ఆదివారం వస్తానన్న మనిషి, శుక్రవారం ఫోను చేసి ఈ ఆదివారమే అన్నారు. ఈసారి తప్పితే మళ్ళీ మూడేళ్ళకు గానీ ఆ ప్రదర్శన లేదు.

ఆరు కొట్టగానే కుమరేశన్ దారాల డబ్బా తెరిచాడు. ఖాళీ.

"అమ్మా, ఈ డబ్బాలో నల్లదారాలు ఉండె కదా, యాడ?"

"ఇచ్చేసినాను" అంది తల్లి తిమ్మమ్మ కాఫీ చల్లార్చుకుంటూ.

"ఎవరికి?"

"అడిగినోళ్ళకంతా. మునియక్క మేక రెండు దినాలుగా మేత ముట్టలేదంట. నిన్న నువ్వు డ్యూటీకి పోయినాక ఆ దారాల్లో ఒక కయిరు మెడకు కట్టినాము. సాయంకాలానికి కట్టెడు ఆకు తినింది. ఆపైన వీధి వీధంతా వచ్చేసినారు నాయినా."

కుమరేశన్ గోడకు ఆనుకున్నాడు. ఆవిడను తప్పుపట్టడానికీ లేదు. కొడుకు మూడేళ్ళుగా తెల్లారకముందే లేస్తాడు. కింద పడిన చిన్న ముక్కలు తొక్కకుండా చెప్పులు బయట విడుస్తాడు. మైనం కరగడానికి దీపం వెలిగిస్తాడు. ఎవరితోనూ మాట్లాడడు, ముడులు లెక్క తప్పకుండా పెదవులు మాత్రం కదుపుతాడు. ఆ గదిలో తయారైన నల్లదారాన్ని దిష్టి తాడు కాదని ఏ తల్లి అనుకుంటుంది?

"అది ఓడకమ్మా. పట్టుదారం తెచ్చి, రంగేసి, తేనెమైనం పూసి, కొలిచి కోసేదానికి నెల పట్టింది."

"యాభై రెండేళ్ళ మగోడు మూడేళ్ళు బొమ్మతో ఆడుకున్నాడంటే ఎవరు నమ్ముతారు? నాకు తెలుసులే. చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు నువ్వు."

టైంటేబులులో పదకొండు నిమిషాలు పోయాయి. కుమరేశన్ చొక్కా కూడా వేసుకోకుండా మునియక్క ఇంటికి పరుగెత్తాడు. బస్టాండులో ముప్పై ఏళ్ళుగా పూలు కట్టి అమ్మే మనిషి ఆమె. మేక మెడలో ఆయన మొదటి మెట్టు నిగనిగలాడుతోంది.

"విప్పితే దిష్టి తిరిగి మేకకే కదా తగులుతాది తమ్ముడా" అంది మునియక్క.

"అక్కా, అది మంత్రించింది కాదు. ఒట్టి దారం."

"నిజంగా మంత్రించినోళ్ళు అట్లే అంటారు" అని ఆమె భక్తిగా ఒక దండం పెట్టింది.

అక్కడి నుంచి కథ ఆయన చేతిలో లేదు. దారాలు వెనక్కి అడుగుతున్నాడన్న మాట ఆయనకన్నా ముందు వీధి చివరికి చేరింది. ఏదో కీడు కనిపించి ఉంటుందని కొందరు, ఇంకా బలమైన దారం ఇస్తాడని కొందరు అనుకున్నారు. పెళ్ళిచూపులకు బయలుదేరిన బాబు అనే కుర్రాడు చేతికి కట్టిన దారం చూపించి, "పోవచ్చునా, వద్దా మామా, ఒక మాట చెప్పు" అని దారికి అడ్డం నిలబడ్డాడు. పోవచ్చన్నాడు కుమరేశన్, విసుగు ఆపుకోలేక. అది వాక్కు అయిపోయింది. ఇంటికి తిరిగొచ్చేసరికి గుమ్మం ముందు పద్దెనిమిది మంది బారులు తీరి ఉన్నారు. ఒకామె కోడిపెట్టను కూడా తెచ్చింది. గోడగడియారం పదిన్నర చూపిస్తోంది.

కుమరేశన్ మెట్టు మీద కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ముఖం చూసి చిత్ర వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"అత్తా, దిష్టి తీసింది ఏమి చేస్తారు మనోళ్ళు?"

"పారే నీళ్ళల్లో వదిలిపెడతారు."

"కప్పల్ యాడ పోతాది?" అని గదిలోని ఓడ వైపు చెయ్యి చూపించింది.

తిమ్మమ్మ ఆలోచించింది. వరసలో ఉన్నవాళ్ళూ ఆలోచించారు.

"నీళ్ళమీదే కదా" అంది చిత్ర. "ఎవరి దిష్టి పట్టిన కయిరు వాళ్ళు తెచ్చి కప్పల్‌కు కట్టిస్తే, సముద్రం దాటి పోతాది. లేదా మెడలోనే ఉంచుకోండి, మీ ఇష్టం."

పన్నెండు దాటకుండా ముప్పై ఐదు దారాలు వచ్చి చేరాయి. పెళ్ళిచూపుల నుంచి తిరిగొచ్చిన బాబు, పిల్ల ఒప్పుకుందని చెబుతూ తనదీ ఇచ్చాడు. ముప్పై ఆరోది అదే వీధిలో ఉండే మాదేష్ టెంపో అద్దానికి ఉంది. ఆ టెంపో ఉల్లిగడ్డల లోడుతో బొమ్మిడి స్టేషనుకు పోయింది.

దారాలు కడిగి, మళ్ళీ మైనం పట్టించేసరికి ఒంటిగంట. తొమ్మిది గంటల పని, మూడు గంటల వ్యవధి. అదే సమయానికి మునియక్క గది గుమ్మంలోకి వచ్చింది, తన మేక దిష్టి తన కళ్ళముందే కట్టాలని. వెనకాల ఇంకో పదిమంది. ఓడ కనబడగానే అందరూ ఒక్కసారిగా మాటలు ఆపేశారు. చెప్పకుండానే చెప్పులు విడిచారు. కిటికీ వెలుగులో మూడు స్తంభాలూ, వెంట్రుకంత సన్నని తాళ్ళూ. కోడిపెట్ట కూడా నోరెత్తలేదు.

"దీనికి ఈ నిచ్చెన ఏంటికి తమ్ముడా?" అని గుసగుసగా అడిగింది మునియక్క.

"గాలివానలో తెరచాప చుట్టాలంటే మనుషులు దీనిమీదే పైకి ఎక్కాలక్కా. కింద సముద్రం. చేతికి పట్టు ఈ మెట్లే."

ఆమె చాలాసేపు చూసింది. "అట్లయితే ముడి జారకూడదు" అంది. "ఇట్ల ఇయ్యి, నా మేకది నేనే కడతాను. ఎట్ల కట్టాలో ఒకసారి చూపించు."

కుమరేశన్ పట్టకారుతో, భూతద్దంతో, మూడు నిమిషాలు తీసుకుని ఒక ముడి వేసి చూపించాడు. మునియక్క దారం అందుకుంది. పట్టకారు ముట్టలేదు. బొటనవేలు, చూపుడువేలు ఒకసారి తిరిగాయి, ముడి పడింది. మళ్ళీ తిరిగాయి, ఇంకొకటి. కుమరేశన్ లెక్కపెడదామనుకునేలోపు మెట్టు పూర్తయింది. అలవాటుకొద్దీ ఆయన గడియారం చూశాడు. ఇరవై రెండు సెకన్లు. ఐదు ముడులూ ఒకే వరసలో, ఒకే బిగువున, అచ్చు గుద్దినట్టున్నాయి. తూత్తుకుడిలో తెరుచుకున్న నోరు మళ్ళీ అంతే తెరుచుకుంది.

"అక్కా, మిగతావి కూడా నువ్వే కట్టు" అన్నాడు. దండం పెట్టడం ఈసారి ఆయన వంతయింది.

ఆ మధ్యాహ్నం ఆ గది వదిలి ఎవరూ కదల్లేదు. ఒక్కో మెట్టుకూ చోటు కొలిచి గుర్తు పెట్టడానికే కుమరేశన్‌కు నాలుగు నిమిషాలు పట్టేది. ఎవరి దారం వంతు వస్తే వాళ్ళు ముందుకు వచ్చి అందించడం, మునియక్క కట్టడం, వాళ్ళు కళ్ళకద్దుకుని వెనక్కి పోవడం. నాలుగుకు పది నిమిషాలుండగా మాదేష్ టెంపో వీధిలో ఆగింది. అద్దం నుంచి విప్పిన దారంతో ఆఖరి మెట్టు పడింది. కుమరేశన్ గడ్డం మాత్రం అట్లే ఉంది.

కెప్టెన్ గుణశేఖరన్ గారు తెల్లమీసాల మనిషి, ముప్పై ఏళ్ళు సముద్రంలో తిరిగినవారు. భూతద్దం తీసి ఎడమ పక్క చూశారు. కుడి పక్కకు వచ్చి వంగారు. వంగినవారు లేవలేదు. గోరుతో ఒక ముడిని నెట్టి చూశారు. అది కదల్లేదు.

"ఈ కుడి పక్క కట్టినాయన ఎన్నేళ్ళు కప్పల్లో ఉండినాడు?"

"బస్టాండులో ఉండాను సార్, ముప్పై ఏళ్ళు" అంది మునియక్క.

కెప్టెన్ గారు ఆమె వేళ్ళను చూశారు, మళ్ళీ ముడులను చూశారు, తర్వాత టోపీ తీశారు. "ఎడమ పక్క ఎవరో నేర్చుకునే పిల్లోళ్ళు కట్టినట్టుంది. పది దినాల్లో దాన్ని కూడా ఈయమ్మ చేత్తో కట్టిస్తే, ఈ ఓడ చెన్నైకి వస్తాది."

మూడేళ్ళ పనిని పిల్లోళ్ళ పని అనేసరికి కుమరేశన్ గుండెలో ముల్లు గుచ్చుకుంది. కానీ రెండు పక్కలూ ఆయనకూ కనబడుతున్నాయి. మర్నాడు పొద్దున తన ముడులన్నీ తానే విప్పాడు. ఒక్కోదానికి అరనిమిషం కూడా పట్టలేదు.

ఎడమ నిచ్చెనతో ఆగకుండా ఓడలోని తాళ్ళన్నీ మునియక్క మళ్ళీ కట్టింది. తొమ్మిదో రోజున ఓడ కారెక్కింది. వీధి వీధంతా వచ్చి, తమ దిష్టి సముద్రం వైపు తరలిపోవడం కళ్ళారా చూసుకుంది. చెన్నైలో దాని ముందు పెట్టిన అట్టమీద కుమరేశన్ పేరు, పక్కనే మునియక్క పేరు.

ఆ తొమ్మిది రోజులూ మునియక్క పూలబుట్ట ముందు ఎవరో ఒకరు కూర్చోవాలి గనుక, సెలవు పెట్టి కుమరేశనే కూర్చుని పూలు కట్టి అమ్మాడు. డ్యూటీకి తిరిగొచ్చేసరికి ఆయన టేబులు మీద మారండహళ్ళి బస్సు కండక్టరు రాసిచ్చిన ఫిర్యాదు ఉంది: స్టాండులో కొన్న మల్లెపూలు పాలక్కోడు చేరేలోపే విడిపోయి బస్సంతా రాలుతున్నాయి, టైంకీపరు గారు తగిన చర్య తీసుకోగలరు.