ముందు ఎవరి దగ్గరికి

దేవుడి ముందు చేతులు జోడించిన ప్రతిసారీ సిస్టరమ్మకు ఒక సందేహం వచ్చేది. నలుగురు ఒకేసారి మొరపెట్టుకుంటే ఆయన ముందు ఎవరి దగ్గరికి వెళతాడు? గట్టిగా ఏడ్చేవాళ్ళ దగ్గరికా, నోరు విప్పనివాళ్ళ దగ్గరికా? చిన్నప్పుడు వాళ్ళమ్మను అడిగితే, "ముందు నువ్వు స్నానానికి వెళ్ళు" అంది. ఆ సందేహం అలాగే ఉండిపోయింది. చివరికి నర్సింగు లైసెన్సు పరీక్షలోనూ అదే ఎదురైంది. నలుగురు రోగులు, ఒక్క నర్సు, ముందు ఎవరిని చూడాలి? ఆమె ఎప్పుడూ ఎక్కువ ఏడ్చేవాడి దగ్గరికే పరిగెత్తింది. రెండుసార్లు తప్పింది.

వీధంతా సిస్టరమ్మ అని పిలుస్తుంది గాని, ఆస్పత్రిలో ఆమె దుప్పట్లు మార్చే మనిషి. కోర్సు పూర్తయినా లైసెన్సు లేనిదే సూది ముట్టకూడదు. వార్డు గోడమీది పలకపై నర్సుల పేర్లు పైన, సహాయకుల పేర్లు కింద రాస్తారు. రెండింటికీ మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ. రోజూ దుప్పట్ల బండి తోసుకుంటూ వెళుతూ ఆమె ఆ ఖాళీ దగ్గర కాస్త నెమ్మదించేది.

చేతికున్న గడియారం మామగారిది. ఆయన గడియారాలు బాగుచేసేవారు. దుకాణం మూసేసిన రోజు అన్నీ అమ్మేసి ఒక్కటి ఉంచుకున్నారు. ఏడేళ్ళ కిందట కోడలు కోర్సులో చేరినప్పుడు, నాడి చూడటానికి సెకన్ల ముల్లు కావాలని విని అది కూడా విప్పి ఇచ్చారు. "పాసయ్యాక ఇద్దువుగానిలే" అన్నారు. అప్పటినుంచి ఆయన మణికట్టు బోసిగానే ఉంది. గోడ గడియారం మీద ఆయనకు నమ్మకం లేదు, కొడుకు ఫోను మీద అసలే లేదు. తన గడియారం ఎవరి చేతికుందో వాళ్ళనే అడిగేవారు. "టైమెంతమ్మా?" రోజుకు ఇరవైసార్లు.

ఈసారి కోచింగు మేడమ్ కొత్త పుస్తకాలు కొనొద్దంది. "నీకు తెలియక తప్పలేదమ్మా, వరస తప్పావు. రోజుకి యాభై ప్రశ్నలు చెయ్యి. తప్పినదాని పక్కన ఎందుకు తప్పావో రాయి. గడియారం పెట్టుకుని, కూచున్నచోటునుంచి లేవకుండా చెయ్యి." అలా తప్పుల పుస్తకం రెండు వందల పేజీలైంది. అత్తగారు దాన్ని అనుమానంగా చూసేది. "నావి కూడా ఎక్కిస్తున్నావా అమ్మాయ్ ఇందులో?"

పరీక్ష ఇంక తొమ్మిది రోజులుందనగా, ఆదివారం పొద్దున, ఇంట్లోనే ఒక వార్డు పెట్టాలని సిస్టరమ్మకు బుద్ధి పుట్టింది. ఎనిమిదిన్నరనుంచి పదిదాకా ఎవరూ లేవకూడదు. టిఫిను ఆ తరవాతే. ఒక్కొక్కరి చొక్కాకీ, చీరకీ జబ్బు రాసిన చీటీ పిన్నీసుతో గుచ్చింది. భర్త లిఫ్టు మెకానిక్కు. అతనికి కాలు విరిగింది. అత్తగారికి నిన్ననే ప్రసవమైంది. మామగారికి ఏ బాధా లేదు, ఇవాళ ఇంటికి పంపేయొచ్చు. నాలుగో మనిషి లేక పరుపు చుట్టి, దుప్పటి కప్పి, తలకు దెబ్బ అని రాసింది.

"డెబ్బై ఏళ్ళకి నాకు పురుడేంటే?" అంది అత్తగారు.

"ఉత్తుత్తికే కదా అత్తయ్యా."

"ఉత్తుత్తికైతే మాత్రం? మీ మామయ్యకేమో హాయిగా ఇంటికెళ్ళే జబ్బు, నాకు పురుడూనా?" అంటూ ఆమె తన చీటీ తీసి పరుపుకు గుచ్చి, తలదెబ్బ చీటీ తను పెట్టుకుంది.

"టైమెంతమ్మా?"

"ఎనిమిదైంది మామయ్యా."

ఎనిమిదికి చక్కెరజబ్బు మాత్ర, ఎనిమిదింబావుకి టిఫిను. అది ఆయన లెక్క. మాత్ర వేసుకున్నారు. కోడలి పరీక్ష ముందు టిఫిను మాట ఎత్తడానికి మొహమాటపడి, మెల్లగా చాపమీద వాలారు.

భర్త ఒకప్పుడు యూనియన్ నాటకాల్లో వేషాలు కట్టినవాడు. కాలు పట్టుకుని అతను పెట్టిన కేక మూడో ఇంటిదాకా వెళ్ళింది. సిస్టరమ్మ అలవాటు చొప్పున అటే రెండడుగులు వేసింది.

"బుర్ర పగిలి నేనిక్కడ పడుంటే కాలు విరిగినవాడి దగ్గరికా? మొగుడు కదా మరి."

"అమ్మా, బుర్ర పగిలినవాళ్ళు అంతసేపు మాట్లాడరు."

"నా బుర్ర నా ఇష్టంరా" అని అత్తగారు తల పట్టుకుని మూలగడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే ఎదురింటి టైలరమ్మ, కేక విని, కిటికీలోంచి తొంగిచూసింది. కాలు పట్టుకుని కొడుకు. తల పట్టుకుని తల్లి. కళ్ళు మూసుకుని పెద్దాయన. ఆ పక్కన తలనుంచి పాదాలదాకా దుప్పటి కప్పి ఇంకెవరో. ఆవిడ గుండె పట్టుకుని అంబులెన్సుకు ఫోను చేసింది. "నలుగురండీ. ఒకరు పోయినట్టే ఉన్నారు. ముసుగు కప్పేశారు."

ఇరవై నిమిషాల్లో అంబులెన్సు అతను స్ట్రెచరుతో లోపలికి వచ్చి, తిన్నగా పరుపు దగ్గరికి వెళ్ళి, టోపీ తీశాడు. వంగి చీటీ చదివాడు. తలెత్తి, "బిడ్డేది?" అన్నాడు.

భర్త లేచి రెండు కాళ్ళమీదా గెంతి చూపించాడు. "ఎవరికీ ఏం కాలేదండీ."

"నలుగురని రాసుకుని వచ్చాను. ఒక్కరైనా లేకపోతే మా ఆఫీసరుకేం చెప్పుకోను?"

"ఏదో దాస్తున్నారు, నేను కళ్ళారా చూశాను" అంది అతని వెనకే లోపలికి వచ్చిన టైలరమ్మ.

"ఇంతమంది వచ్చారు, ఒక్కరైనా నా బుర్ర చూశారా?" అంది అత్తగారు.

నలుగురూ ఒకేసారి సిస్టరమ్మ మీద పడ్డారు. ఎవరికి ముందు జవాబు చెప్పాలో తోచక ఆమె గడియారం చూసుకుంది. తొమ్మిదీ ఇరవై. మామగారు ఎనిమిదిన్నరకు టైమడిగారు. తొమ్మిదికి పది నిమిషాలుందనగా అడిగారు. ఆ తరవాత మళ్ళీ అడగలేదు.

నలుగురినీ తోసుకుని చాప దగ్గరికి వెళ్ళింది. మామగారి కాలరు చెమటతో ముద్దయిపోయి ఉంది. చెయ్యి చల్లగా తగిలింది.

"మామయ్యా, టైమెంతని అడగరేం?"

ఆయన కళ్ళు సగం తెరిచారు. "ఆ అలారం గడియారం ఇచ్చేశావా? పొద్దున్నే వస్తానన్నాడు" అన్నారు, ఎప్పుడో మూసేసిన దుకాణంలోంచి.

"షుగరు చూసే మిషను తీయండి. ఏవండీ, గ్లాసు నీళ్ళల్లో మూడు చెంచాల పంచదార. అత్తయ్యా, వెనకనుంచి పట్టుకుని కూచోబెట్టండి." ఆ గొంతు ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ వినలేదు. ఆమె కూడా వినలేదు. మిషను నలభై ఎనిమిది చూపించింది. ముందు ఒక చెంచా మింగించి, గుటక పడిందని చూసుకుని, మిగతాది తాగించింది. పదిహేను నిమిషాలు ఆ గడియారం మీదనుంచి చూపు తిప్పలేదు. రెండోసారి చూస్తే తొంభై దాటింది.

"నోరంతా తీపిగా ఉందేంటమ్మా?" అన్నారు మామగారు.

అత్తగారు వంటింట్లోకి వెళ్ళి టిఫిను పళ్ళెం పట్టుకొచ్చింది. అంబులెన్సు అతను కాగితం తీసి, ప్రథమ చికిత్స చేసినవారు అన్నచోట సిస్టర్ అని రాశాడు.

"అది కొట్టేయండి" అంది ఆమె. "నాకింకా లైసెన్సు రాలేదు."

అతను కొట్టేశాడు. గీత కింద అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. ఆమె ఆ కాగితాన్ని అవసరానికి మించి చూసింది.

ఆ మధ్యాహ్నం తప్పుల పుస్తకంలో ఇంకొకటి ఎక్కింది. "మామయ్యకు వేళకు టిఫిను పెట్టలేదు. ఎందుకు తప్పాను: ఆయన అడగలేదు కాబట్టి."

తొమ్మిదో రోజు పరీక్షలో నలుగురు రోగులు మళ్ళీ వచ్చారు. ఒకడు అరుస్తున్నాడు, ఒకామె ఏడుస్తోంది, ఇంకొకడు పోట్లాడుతున్నాడు. నాలుగో ఆయన ఉన్నట్టుండి మాట్లాడటం మానేశాడు. ఆమె ఈసారి కేకల వైపు పరిగెత్తలేదు.

ఆరు వారాలకు పలకమీద ఆమె పేరు నాలుగు వేళ్ళ ఖాళీ దాటి పైకి వెళ్ళింది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, దేవుడి ముందు నిలబడి, ఏమీ అడగకుండా దణ్ణం పెట్టుకుంది. తరవాత గడియారం విప్పింది. మణికట్టుమీద పట్టీ మేర తెల్లటి చార.

"మామయ్యా, మీ గడియారం."

ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నారు. చేతికి కట్టుకున్నారు.

మర్నాడు పొద్దున వంటింటి గుమ్మంలోంచి "టైమెంతమ్మా?" అని వినిపించింది. సిస్టరమ్మ కొత్త గడియారం చూసి చెప్పింది. ఆయన తనది చూసుకుని, ఫరవాలేదు, నీది సరిగ్గానే నడుస్తోందన్నారు.