బోరు మోటార్ల అంగడికి ఫిలిప్పీన్స్ అసిస్టెంట్

అయ్యా, అమ్మా, మీరు ఎంత సంపాదించినా సరే, ఇంకో దేశంలో మీకొక ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్ లేకపోతే మీరింకా మనుషుల లెక్కలోకి రారు. కోపం తెచ్చుకోకండి. పోయిన సంవత్సరం దాకా నేనూ మీలాంటివాడినే.

నా పేరు గోవిందరాజు. కర్ణాటకలో చింతామణి మా ఊరు. బోరు మోటార్లు, పైపుల అంగడి. ఇరవై రెండేళ్ళు నా ఫోను నేనే ఎత్తి, రైతులతో నేనే మాట్లాడి ఎంత చవగ్గా బతికినానో తలుచుకుంటే సిగ్గేస్తుంది. బెంగళూరులో ఒక హోటల్లో వ్యాపారస్తులకు సెమినార్ పెడితే పోయినాను. కోటు వేసుకున్నాయన ఒకటే మాట అన్నాడు: "తన ఫోను తనే ఎత్తేవాడు ఎప్పటికీ చిన్న వ్యాపారే." ఆ పూట నాకు అన్నం సయించలేదు. బఫే అయినా సయించలేదు!

నెల తిరక్కుండా మారిసెల్ వచ్చింది. వచ్చింది అంటే రాలేదు. ఆమె ఉండేది ఫిలిప్పీన్స్‌లో, మనీలా పక్కన. ఏజెన్సీవాళ్ళు కుదిర్చినారు. మంచి మనిషి, వినయం ఎక్కువ. తెలుగు రాదు, కన్నడ రాదు, బోరు మోటారును ఫోటోలో తప్ప చూసింది లేదు. ఇంతకంటే ఏం అర్హత కావాలి?

అప్పటికే మా అంగట్లో మునిరత్నమ్మ ఉంది. పుట్టినూరు బాగేపల్లి, చదివింది బీకాం. పద్దెనిమిదేళ్ళుగా నా దగ్గర పని. ఏ రైతు బోరు ఎన్ని అడుగులో మూడు తాలూకాలకు ఆమెకు నోటికే. కంపెనీలకు ఇంగ్లీషులో ఉత్తరాలు రాసేదీ ఆమే. కానీ ఇవన్నీ చింతామణిలో కూర్చుని చేసే పనులు. వాటికి ఎవరు విలువ కడతారు?

మారిసెల్ వచ్చినాక, రైతులు ఫోన్ చేయకూడదు, వాయిస్ మెసేజే పెట్టాలని రూలు చేసినాను. యాప్ దాన్ని ఇంగ్లీషు చేస్తుంది, ఆమె ఇంగ్లీషులో జవాబు రాస్తుంది, యాప్ మళ్ళీ తెలుగు చేస్తుంది. మొదటివారమే నంజప్ప అనే రైతు "మా బోరు పోయిందప్పా" అని పెట్టినాడు. విసుగు పోయిందని అర్థం చేసుకుంది యాప్. "మీ విసుగు పోయినందుకు మాకు చాలా సంతోషం" అని మారిసెల్ జవాబు, పక్కన పువ్వు బొమ్మ. నంజప్ప మళ్ళీ మా అంగడి మెట్లు తొక్కలేదు. నీళ్ళు పోయినవాడికి సంతోషం తెలిపే తెగువ మన ఊరి మనిషికి వస్తుందా?

దాంతో మారిసెల్ జాగ్రత్త పడింది. ప్రతి మెసేజూ ముందు మునిరత్నమ్మకు పంపేది. ఆమె ఇంగ్లీషులో విడమరిచి రాస్తే, అది చక్కటి రిపోర్టుగా మనీలా నుంచి నాకు వచ్చేది. ఎంత సులభమో చూడండి!

ఫిబ్రవరిలో మారిసెల్ రాసింది, ఎండాకాలం రాకముందే కేబుల్ తెచ్చి పెట్టుకుంటే మంచిదని. బుర్ర అంటే అది! వెంటనే తెప్పించినాను.

"ఈ మాట నేను మూడేండ్లుగా చెప్తానే ఉండానప్పా" అనింది మునిరత్నమ్మ, సరుకు దించుకుంటా.

చెప్పిందేమో. తెలుగులో చెప్తే అది సలహా అని ఎట్ల తెలుస్తుంది?

మార్చిలో ఒకరోజు మునిరత్నమ్మ వచ్చి నా ముందర నిలబడింది. "గాల్ బ్లాడర్లో రాళ్ళుండాయన్నారప్పా. ఆపరేషన్ చేయించుకోవల్ల. పది దినాలు రజా కావల్ల."

"సీజన్ అయిపోనీమ్మా" అన్నాను.

పదిహేను రోజులకు మళ్ళీ అడిగింది. నేను మళ్ళీ అదే చెప్పినాను. ఒక చెయ్యి కడుపుకు అదుముకుని ఉంది. చూసినాను. చూసి, మారిసెల్ రిపోర్టు చదువుకున్నాను.

మూడోసారి నన్ను అడగలేదు. మారిసెల్‌కు రాసింది. మరుసటి రోజు నా క్యాలెండర్‌లో పచ్చరంగులో కనబడింది: మునిరత్నమ్మ, ఆపరేషన్, పది రోజులు. క్యాలెండర్‌లో ఉన్నదాన్ని కాదనేదానికి నేనేమన్నా చదువు రానివాడినా?

ఆమె చిక్కబళ్ళాపురలో ఆసుపత్రిలో చేరింది. రెండోరోజు, శనివారం, దిబ్బూరహళ్ళి కృష్ణప్ప మోటారు కాలిపోయింది. ఆయన పట్టుపురుగులు పెంచుతాడు. పురుగు పొర విడిచేదాన్ని మా పక్క జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగుకు ఆకలి జాస్తి. ఆకు తక్కువైతే బతకదు. మల్బరీ తోటకు నీళ్ళు లేకపోతే ఆకు ఉండదు. "పురుగులు జ్వరం లేచినాయి, తొందరగా మోటారు కావల్ల" అని కృష్ణప్ప మెసేజ్ పెట్టినాడు.

అడిగేదానికి మునిరత్నమ్మ లేదు. మారిసెల్ తనే జవాబు రాసింది. పురుగులు పూర్తిగా కోలుకోవాలని కోరుకుని, గురువారం నాలుగు గంటలకు అపాయింట్‌మెంట్ ఇచ్చింది.

మంగళవారం కృష్ణప్పే వచ్చినాడు. కేకలు వేయలేదు. "తోట వాడిపోతాంది గోవిందరాజప్పా. ఇంట్లో ఆడోళ్ళు పక్కూర్లలో ఆకు అడుక్కొస్తాండారు."

ఆయన బోరుకు సరిపడే మోటారు స్టాకు లేదు. కంపెనీ నుంచి రావాలంటే నాలుగు రోజులు.

"పురుగులున్నప్పుడు మునిరత్నమ్మ యాడనుంచో ఒకటి తీసిస్తాదప్పా" అన్నాడు.

మారిసెల్‌ను అడిగినాను. "అలాంటివి నేను మునిరత్నమ్మను అడిగి రాస్తాను సార్" అని నిజాయితీగా చెప్పింది. గోడౌనంతా వెతికినాను. చివరికి ఆసుపత్రికి ఫోన్ చేసినాను. నేనే, నా చేత్తోనే.

"మేడ మెట్ల కింద ఒకటి గోనెపట్ట కప్పి పెట్టి ఉండాను" అనింది. గొంతు సన్నగా వస్తాంది. "పట్టుపురుగులోళ్ళకని ఎప్పుడూ ఒకటి రిపేరు చేయించి పెడ్తా. కృష్ణప్ప బోరుకు సరిపోతాది. కేబుల్ జాయింటు చూసి దింపమను."

నీకెట్లుందమ్మా అని అడగాలని ఫోన్ పెట్టేసినాక తోచింది.

ఆ సాయంత్రమే కృష్ణప్ప బోరులో నీళ్ళు వచ్చినాయి. పురుగుల్లో మూడోవంతు అప్పటికే పోయినాయి. మిగిలినవి గూడు కట్టినాయి.

పదిరోజులకు మునిరత్నమ్మ వచ్చింది. తన కుర్చీలో కూర్చోలేదు. మారిసెల్ వాళ్ళ ఏజెన్సీకి అంతా రాసిందట, ఇన్నాళ్ళూ నేను మెచ్చుకున్న రిపోర్టులు నిజానికి ఎవరివో. వాళ్ళు మునిరత్నమ్మకే పని ఇచ్చినారు. ఆస్ట్రేలియాలో ఒక పైపుల వ్యాపారికి ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్. ఇంట్లో కూర్చునే చేయొచ్చు.

"ఆ దేశం సంగతులు నీకేం తెలుసమ్మా?"

"తెలీదప్పా. అడిగి తెలుసుకుంటా."

"జీతం జాస్తి ఇస్తాండారా?"

"కొంచెం జాస్తే. దానికోసం కాదు. మొన్న ఫోన్లో ఆ ఆస్ట్రేలియా ఆయప్పకు ఒక మాట చెప్పినా. రాసుకున్నాడప్పా."

అదీ సంగతి. పరదేశంలో అసిస్టెంట్‌ను పెట్టుకుంటే వ్యాపారం ఎట్ల బాగుపడుతుందో ఆ ఆస్ట్రేలియా ఆయన్ను చూసి నేర్చుకోండి. ఎన్నో వేల మైళ్ళ అవతల నుంచి ఆయనకు మునిరత్నమ్మ తెలివి కనబడింది. నా బల్లకూ ఆమె బల్లకూ నడుమ తొమ్మిది అడుగులు, నిన్న టేపు పెట్టి కొలిచినాను. అంత దగ్గర్నుంచి ఎవరికి కనబడుతుంది, మీరే చెప్పండి.