హెచ్చరిక అధికారి కావలెను

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న ఉద్యోగం ఖాళీ అయింది.

చిరుతపులి వస్తుంటే గట్టిగా అరిచి అందరినీ హెచ్చరించే ఉద్యోగం అది. అన్నాళ్లూ ఆ పని చేసిన కొండముచ్చుకి గొంతు పోయింది. దాంతో అడవి పంచాయతీ వాళ్లు మద్దిచెట్టుకి ఒక ప్రకటన అంటించారు. "హెచ్చరిక అధికారి కావలెను. గుట్ట మీద రాతి క్వార్టరు ఇవ్వబడును. ఇంటర్వ్యూకి స్వయంగా రావలెను."

అది చదివి తీతువు పిట్ట గవరమ్మ ఎగిరి గంతేసింది. అరవడం ఆవిడకి పుట్టుకతో వచ్చిన విద్య. గడ్డి కదిలినా అరుస్తుంది, నీడ కదిలినా అరుస్తుంది. పైగా ఏటి ఇసుకలో ఆవిడ పెట్టిన గుడ్లని ఏటా అడవిదున్నలు తొక్కేస్తున్నాయి. గుట్ట మీద క్వార్టరంటూ వస్తే ఈసారైనా పిల్లల్ని కళ్లజూడొచ్చు.

"నువ్వెళ్లి ఒక్కసారి అరువు. ఉద్యోగం నీదే," అన్నాడు మొగుడు అప్పలకొండ.

"ఊరుకోండి. ఇంటర్వ్యూ అంటే ఊరికే వెళ్లి అరవడమా? పద్ధతులుంటాయి," అని గవరమ్మ నేరుగా వెళ్లి ఊసరవెల్లి రంగనాథం మాస్టారి దగ్గర చేరింది.

మాస్టారు అప్పటికి పదకొండు ఇంటర్వ్యూలకి వెళ్లారు. ఒక్కదాంట్లోనూ ఎంపిక కాలేదు కాబట్టి, ఇంటర్వ్యూల్లో ఆయనకున్నంత అనుభవం అడవిలో ఇంకెవరికీ లేదు.

"ముందు ఆ గొంతు తగ్గించమ్మా," అన్నారు మాస్టారు చింతాకు రంగులో ఉండి. "బోర్డు ముందు గట్టిగా మాట్లాడేవాళ్లకి ఉద్యోగాలు రావు."

"అరిచే ఉద్యోగమే కదండీ?"

"ఉద్యోగం అరిచేదే. ఇంటర్వ్యూ అరిచేది కాదు," అన్నారు మాస్టారు ఇటుక రంగులోకి మారి.

పదిహేను రోజులు సాధన చేయించారు. రెక్కలు ముడుచుకుని కూర్చోవడం. అడిగినదానికే జవాబు చెప్పడం. పెద్దలు మాట్లాడుతుంటే అడ్డు రాకపోవడం. ఏం జరిగినా నవ్వుమొహం చెదరనివ్వకపోవడం. పదో రోజుకల్లా గద్ద నీడ మీద పడినా "నమస్కారమండీ" అనేంత మర్యాద వచ్చేసింది గవరమ్మకి. ఆరోజు అప్పలకొండ వచ్చి పొదలోకి ఈడ్చుకుపోబట్టి బతికింది.

ఇంటర్వ్యూ రోజు మద్దిచెట్టు కింద బోర్డు కొలువుతీరింది. ఛైర్మన్ ఏనుగు గారు. పక్కన మెంబరు, నెమలి మయూరరావు. ఉద్యోగానికి వచ్చింది ఇద్దరే. ఒకరు గవరమ్మ, రెండోవాడు తాబేలు కూర్మారావు. కూర్మారావుకి అసలు అరిచే గొంతే లేదు. ఎందుకైనా మంచిదని ఒక దరఖాస్తు పడేశాడు.

"మీ గురించి చెప్పండమ్మా," అన్నారు ఛైర్మన్.

"ముందుగా నాకీ అవకాశమిచ్చిన బోర్డు వారికి..." అంటూ మొదలుపెట్టిందో లేదో, మెంబరు గారి వెనక గడ్డి కదిలింది. పసుపు ఒంటి మీద నల్లమచ్చలు కనిపించాయి.

అరుపు పీకదాకా వచ్చింది. గవరమ్మ గుటుక్కున మింగి, కుడి రెక్క వినయంగా పైకెత్తింది.

"ఒక్క మనవండీ..."

"ప్రశ్నలు మేం అడుగుతాం," అన్నాడు మయూరరావు. "మీకేమైనా సందేహాలుంటే చివర్లో అడగండి."

"చివరిదాకా మీరు ఉంటారాండీ?"

"ఎంత ఆలస్యమైనా ఉంటాం. సరే, చిరుతపులిని ఎలా గుర్తుపడతారు?"

"ఒంటి నిండా మచ్చలుంటాయండీ. ఇప్పుడు మీ వెనకున్నదానికి ఉన్నట్టు."

"భేష్. ఉదాహరణతో సహా చెప్పారు," అని ఛైర్మన్ మార్కులు వేసుకున్నారు. "ఎంత దూరంలో ఉండగా అరుస్తారు?"

"వంద అడుగులండీ."

"అంతకన్నా దగ్గరికి వచ్చేస్తే?"

"వచ్చేసిందండీ. ఆరడుగులు." గవరమ్మ మొహం మీద నవ్వు అలాగే ఉంది. "ఇప్పుడు నాలుగు."

"అంకెల్లో గట్టిపిల్ల," అని మెచ్చుకున్నాడు మయూరరావు. "ఇక మీ జీవితాశయం గురించి..."

పదిహేను రోజుల చదువు ఒక్క క్షణంలో ఎగిరిపోయింది. గవరమ్మ నోరు తెరిచి అరిచిన అరుపుకి మద్దిచెట్టు ఆకులు రాలాయి. ఆ కంగారులో ఎగిరి ఛైర్మన్ గారి నెత్తిమీదెక్కి మరీ అరిచింది. ఏనుగు ఒకవైపు, నెమలి ఒకవైపు పరుగు. చిరుత నోట్లో పట్టెడు నెమలి ఈకలు మిగిలాయి. కూర్మారావు తల లోపలికి లాక్కుని కదలకుండా కూర్చున్నాడు.

ప్రాణాలు కాపాడింది కాబట్టి ఉద్యోగం ఖాయమనుకుంది గవరమ్మ. మర్నాడు చెట్టుకి అంటించిన కాగితం మీద కూర్మారావు పేరుంది.

ఆవిడ తిన్నగా ఛైర్మన్ దగ్గరికి వెళ్లింది. "నేను అరవకపోతే ఈపాటికి మెంబరు గారు ఉండేవారాండీ?"

"ఉండేవాడు కాదు. ఆ కృతజ్ఞత బోర్డుకి ఉందమ్మా," అన్నారు ఏనుగు గారు నెత్తి తడుముకుంటూ. "పరిజ్ఞానంలో నీకే ఎక్కువ మార్కులు. కానీ నియామకపు ఉత్తర్వు చేతికి రాకుండానే అరిచేశావు. అరవడం అధికారి పని. నువ్వింకా అభ్యర్థివి. కూర్మారావుని చూడు. అంత గొడవలోనూ తొణకలేదు, బెణకలేదు. అయ్యాక తల బయటపెట్టి, వచ్చినందుకు ధన్యవాదాలని చెప్పి మరీ వెళ్లాడు."

గవరమ్మ ఇంటికొచ్చేసింది. తర్వాత ఏటి ఇసుకలోనే నాలుగు గుడ్లు పెట్టింది.

పొదగడం మొదలైన వారానికి చిరుత మళ్లీ వచ్చింది. ఏటి గడ్డి చాటున పొట్ట నేలకి ఆనించి పాకుతోంది. గుట్ట మీద కొత్త క్వార్టరు ముందు కూర్మారావు దాన్ని చూశాడు, చూసి తల లోపలికి లాక్కున్నాడు.

గవరమ్మ నోరు తెరిచింది. మళ్లీ మూసింది.

"ఏమే, చూస్తున్నావేం?" అన్నాడు అప్పలకొండ.

"నాకు ఉత్తర్వు లేదు కదండీ."

"గుడ్లున్నాయి కదే!"

గవరమ్మ అరిచింది. ఏటికి అటూ ఇటూ ఉన్న జింకలూ దుప్పులూ నెమళ్లూ అన్నీ లేచి పరిగెత్తాయి. అంతమందినీ ఒక్కసారి తప్పించుకోనిచ్చిన చిరుత, సిగ్గుపడి అడవి అవతలికి వెళ్లిపోయింది.

సాయంత్రం కూర్మారావు తల బయటపెట్టి, నిదానంగా నివేదిక రాశాడు. "హెచ్చరిక సకాలంలో జారీ చేయబడినది. ప్రాణనష్టం లేదు."

పంచాయతీ వాళ్లు ఆయనకి శాలువా కప్పారు. ఆయన ఎవరికీ అడ్డు రాకుండా, మెల్లని గొంతుతో, అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు చెప్పుకున్నాడు.

నీతి: పని వచ్చినవాళ్లు పని చేస్తారు, ఇంటర్వ్యూ వచ్చినవాళ్లు ఉద్యోగం చేస్తారు.