పోలిరాజుగారి పెట్ సేఫ్టీ రూమ్

"ఈ దీపావళికి నర్సీపట్నంలో ఏ ఒక్క పెంపుడు జంతువూ బెదరడానికి వీల్లేదు. బెదిరితే పూర్తి బాధ్యత నాది!" అని తొంభయ్యెనిమిది అక్టోబరులో మండల పార్టీ అధ్యక్షులు పోలిరాజుగారు ప్రకటించారు. సొంత ఇంటి వరండాలో ప్రెస్‌మీట్. వచ్చింది ముగ్గురు విలేకరులే అయినా మైకు పెట్టించి మరీ ప్రకటించారు. ప్రతి ఇంట్లోనూ ఒక పెట్ సేఫ్టీ రూమ్ ఉండాలన్నారు. కిటికీలు మూసి, మెత్తటి పరుపేసి, టేప్‌రికార్డర్‌లో సన్నగా పాటలు పెట్టాలన్నారు. మొట్టమొదటి రూమ్‌ని తమ ఇంట్లోనే, పండగనాడు మంత్రిగారు స్వయంగా ప్రారంభిస్తారన్నారు.

టీలు అందిస్తున్న లోవమ్మ ట్రేతో అలాగే నిలబడిపోయింది. ఆ ఇంట్లో పదకొండేళ్లుగా వంటా, గిన్నెలూ ఆవిడవే. ఆవిడ వెనకాలే వచ్చే కుక్క పెరటి గుమ్మం దగ్గర కనిపిస్తే చాలు, పోలిరాజుగారు రాయి తీసేవారు. అంతటి మనసు ఇంతలో ఎలా కరిగిందో ఆవిడకి అంతుపట్టలేదు.

పేపరు చదివే అలవాటుంటే అంతుపట్టేది. మంత్రిగారి పొమరేనియన్ కుక్క కిందటి దీపావళికి బెదిరి మూడు రోజులు అన్నం ముట్టలేదని ఆ వారమే పేపర్లో పడింది. జిల్లా మూగజీవ సంరక్షణ సంఘానికి చైర్మన్ పోస్టు ఖాళీగా ఉందని అదే పేపరు లోపలి పేజీలో పడింది. పోలిరాజుగారు పేపరు చివరిదాకా చదివే మనిషి.

రూమ్ రెండు రోజుల్లో సిద్ధమైంది. అందులో ఉండడానికి పెంపుడు జంతువొక్కటే తక్కువైంది. పోలిరాజుగారి భార్య వరలక్ష్మమ్మగారికి పిల్లి ఎదురైనా తుమ్ములొస్తాయి. అప్పుడు వంటింట్లోకి పోలిరాజుగారి పిలుపొచ్చింది.

"ఒలే లోవమ్మా, నీ కుక్క పేరేటి?"

"జీడండి బాబుగారూ. జీడితోటలో దొరికిందండి."

"రేపట్నుంచి దాని పేరు ప్రిన్స్. స్నానం సేయించి పౌడరు రాయి."

"అది ఆడదండి బాబుగారూ."

"మంత్రిగారు అంత దగ్గిరగా సూడర్లే."

లోవమ్మ కొంగు నలిపింది. "అదొట్టి మనిషి కాదండి. కిందటి దీపావళికి బెదిరి పారిపోయి ఆరోనాడు కుంటుకుంటా వచ్చిందండి. కడుపులో కూనల్తో మళ్లీ అలాగ పరుగెడితే కూనలు దక్కవండి."

మొగుడు పోయాక లోవమ్మకి ఇంట్లో తోడంటూ ఉన్నది జీడి ఒక్కతే.

"నేనున్నానుగదే! ఆ గదిలోకి సీమ సిటుక్కుమన్న సప్పుడు కూడా రాదు" అని పోలిరాజుగారు అభయమిచ్చారు. ఓటర్లకి ఇచ్చే అభయం కంటే ఇది ఒకింత గట్టిగానే ఉంది.

పండగ ముందురోజు కార్యకర్తల సమావేశం జరిగింది. పన్నెండేళ్లుగా పార్టీ జెండా మోస్తున్న కన్నబాబు పదివేల టపాసుల సరాన్ని భుజాన వేసుకుని వచ్చాడు.

"పెసిడెంటుగారూ, మంత్రిగారొస్తే సరం కాల్సకపోతే ఎలాగండి? ఎలక్షన్లో ఓడిపోయేమనుకోరా జనం?"

పోలిరాజుగారు కళ్లు మూసుకుని ఆలోచించారు.

"కాల్సాల్సిందే. ఆ గది కిటికీ కిందే కాల్సాల."

"కుక్క బెదిరిపోదేటండీ?"

"బెదరదని సెప్పడానికేరా ఇదంతా! సప్పుడే లేకపోతే రూమ్ పనిసేస్తందని మంత్రిగారికి ఎలాగ తెలుస్తాది? దేనికైనా టెస్టింగ్ ఉండాల!"

ఆ శాస్త్రీయ దృక్పథానికి సమావేశం యావత్తూ చప్పట్లు కొట్టింది. గారెల పప్పు రుబ్బుతున్న లోవమ్మ మాత్రం పొత్రం వదిలేసి ఆ గది వైపు చూసింది. పదివేల టపాసులు, అదీ కిటికీ కింద.

ఆ రాత్రి ఆవిడకి నిద్ర లేదు. పండగనాడు తెల్లవారుతూనే జీడిని వెంటబెట్టుకుని వెళ్లి, కొండచీపుళ్లు అమ్ముకోడానికి కొయ్యూరు కొండల నుంచి దిగిన అక్క సోమలమ్మని తిరుగు జీపు దగ్గర పట్టుకుంది.

"అక్కా, దీన్ని మీ ఊరు తీసుకుపో. బేగెల్లు."

"తీసుకుపోతాన్లే. మా కాడ దీపాలే గానీ టపాసులెక్కడివే?"

జీపు కదులుతుంటే జీడి చీపురు కట్టల మధ్య నుంచి తల ఎత్తి చూసింది. లోవమ్మ కళ్లు తుడుచుకుని గారెలు వేయడానికి వెళ్లిపోయింది.

తొమ్మిదింటికి పోలిరాజుగారు కేకేశారు. "ప్రిన్స్ ఏదే?"

"రాత్రినుంచి కనపడ్డం లేదండి బాబుగారూ." పదకొండేళ్లలో ఆ ఇంట్లో ఆవిడ ఆడిన మొదటి అబద్ధం అది. ఉద్యోగం ఊడిపోయిందనే అనుకుంది.

మంత్రిగారి కారు తాళ్లపాలెం దాటిందని అప్పుడే ఫోనొచ్చింది. పోలిరాజుగారు లోవమ్మని చూశారు, ఖాళీ గదిని చూశారు, చివరికి కన్నబాబుని చూశారు.

"ఒరే, పార్టీ కోసం పేణమైనా ఇస్తానన్నావు గదా?"

"ఇప్పుడైనా ఇస్తానండి. మొరగడమే రాదండి."

"పన్నెండేళ్లు జిందాబాద్ అరిసేవు. గొంతు అదే. మాట మారింది, అంతే!"

క్రమశిక్షణ గల కార్యకర్త కాబట్టి కన్నబాబు చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాడు. తలుపుకి తాళం పడింది.

మంత్రిగారు వచ్చారు, రిబ్బను కత్తిరించారు. కిటికీ కింద సరం అంటించారు. అది పావుగంట పేలింది. గోడమీద క్యాలెండరు ఊడిపడింది. పక్కింటి పెయ్య తాడు తెంపుకుంది. వరలక్ష్మమ్మగారు బీపీ పెరిగి మంచమెక్కారు. పొగ విడిపోయాక మంత్రిగారు తలుపుకి చెవి ఆనించారు. లోపల పాట సన్నగా వినిపిస్తోంది. దాని వెనక రెండుసార్లు, తాపీగా, "భౌ... భౌ."

"ఎంత నిబ్బరం! ఏదీ, ఒకసారి తలుపు తీయండి."

"తీస్తే సేఫ్టీ పోద్దండి" అన్నారు పోలిరాజుగారు.

మంత్రిగారు ఆ క్రమశిక్షణకి ముగ్ధులై, కిటికీ రెక్కల సందులోంచి ఒక బిస్కెట్టు లోపలికి అందించారు. బిస్కెట్టు మర్యాదగా మాయమైంది.

"వేళ్లకి పన్ను తగల్లేదయ్యా! మా దానికి ఇంత ట్రైనింగ్ లేదు. ఏ జాతి?"

"లోకలండి. ఎంతకాలం కూకోబెట్టినా ఏటీ అడగదండి."

లోవమ్మ వంటింటి తలుపు వెనక నోట్లో కొంగు కుక్కుకుంది. భయమూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

నాగుల చవితి టపాసులూ అయిపోయాయి, కార్తీకమూ వెళ్లింది. పోలిరాజుగారి గేటుకి చైర్మన్ బోర్డు వేలాడింది. రూమ్‌ని చూసి నేర్చుకోవడానికి పొరుగు జిల్లాల నుంచి బృందాలు రావడం మొదలైంది. కన్నబాబు మాత్రం ఊళ్లో కనిపించడం మానేశాడు. పార్టీ పనిమీద ఉన్నాడని చెబుతూ అతని భార్య కామమ్మ రోజూ పెరటి గుమ్మంలో క్యారేజీ ఇచ్చి వెళ్లేది.

ఒక మంచు ఉదయం లోవమ్మ, అక్క ఊళ్లో పుట్టిన నాలుగు కూనల బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. వెనకాల జీడి, చిక్కిపోయినా గర్వంగా నడుస్తోంది.

"బాబుగారూ, కూనలు దక్కేయండి. మా ఇంట్లో సలికి ఓర్సుకోలేకపోతన్నాయి. నాల్రోజులు ఆ గదిలో ఉంచుతానండి."

"కుక్కల్ని ఇంట్లోకి తెస్తావేటే! అవతల శ్రీకాకుళం నుంచి బృందం వస్తంటే!"

అంతలో గదిలోంచి "భౌ" అని వినిపించింది. జీడి కిటికీ వైపు తిరిగి గట్టిగా మొరిగింది. పోలిరాజుగారు అలవాటుగా వంగి రాయి తీశారు.

"తోలెయ్యవే బేగి! లోపల ప్రిన్స్ బెదిరిపోద్ది!"

లోవమ్మకి ఒళ్లు మండింది. బుట్ట చంకనెత్తుకుని, జీడిని పిలుచుకుని, కిటికీ పక్కగా నడిచింది. కిటికీ రెక్కల సందులోంచి ఒక చెయ్యి వచ్చి, సగం బిస్కెట్టు బుట్టలో వేసి, గబుక్కున లోపలికి వెళ్లిపోయింది.