పంకజాక్షి కొలిమిలో నా కత్తి

నవ్వకుండా వింటానంటేనే చెబుతాను. నా కత్తి విరిగింది. మామూలు కత్తి కాదు, మంత్రాల కత్తి. పేరు మెరుపునాలుక. చూపిద్దామంటే కుదరదు, అది కాగితం మీద మాత్రమే ఉంటుంది.

ఇది ఎనభై ఆరులో మాట. చిత్తూరులో మా వీధిలోనే ఉండే లెక్కల లెక్చరర్ గోవిందస్వామి మద్రాసు నుంచి ఒక ఆట పట్టుకొచ్చాడు. బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక వేషం కట్టాలి, రంగూ కిరీటమూ లేకుండా, నోటితోనే. "మీరు గుహలోకి పోయినారు, ఎదురుగా నిప్పులు కక్కే పాముండాది, ఏం జేస్తారు?" అంటాడు గోవిందస్వామి. మనం చేసేది చెప్పి ఇరవై ముఖాల పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే గెలుపు, చిన్నది పడితే చావు. పెళ్ళాం పిల్లలు ఉన్నవాడు ఆడాల్సిన ఆటేనా అంటారా? మా ఆవిడా అదే అన్నది.

వారమంతా నేను గుమాస్తా మునిరామయ్యను. ఆదివారం సాయంత్రం మాత్రం వజ్రకాయ ప్రచండవర్మను, మా దండుకు నాయకుణ్ణి. నా బరువు నలభై ఎనిమిది కిలోలన్న సంగతి ఆ బల్ల దగ్గర ఎవరూ ఎత్తరు.

అట్లాంటి నాకు ఒక ఆదివారం పాచిక మీద ఒకటి పడింది. పాము తల మీద పడాల్సిన వేటు బండ మీద పడి మెరుపునాలుక రెండు ముక్కలైంది.

గోవిందస్వామి ఆట పుస్తకం తిరగేశాడు. "మంత్రాల కత్తిని కమ్మరే అతికించల్ల. వచ్చే ఆదివారం పొద్దుగూకేలోగా బాగు కాకపోతే దండు నాయకుడు మునికృష్ణ."

మునికృష్ణ ఆఫీసులో నాకంటే చిన్నవాడు. అప్పటికే నా ఫ్యాను కింద కుర్చీ కాజేశాడు. ఇప్పుడు నా దండు కూడా వాడికిస్తే సోమవారం ఆఫీసులో తల ఎత్తుకునేదెట్లా? వారమంతా నాకు అన్నం సహించలేదు.

కమ్మరి వేషం ఆటలో లేని మనిషి వేయాలట, పక్షపాతం లేకుండా. అప్పుడు వెలిగింది నా బుర్ర. మా పంకజాక్షి ఉండగా వేరే కమ్మరి ఎందుకు? సొంత పెళ్ళాం మొగుడి కత్తి అతికించనంటుందా! ఆట మా ఇంట్లోనే పెట్టించాను.

"నువ్వేం జేయబళ్ళేదు పంకజం," అని నేర్పించాను. "నేను కత్తి విరిగిందంటా. నువ్వు సరే, బాగు జేసినా అను. అంతే."

"యాడుండాది కత్తి?"

"లేదు. ఉన్నెట్టు అనుకోవల్ల."

"కొలిమి?"

"అదీ అనుకోవల్ల."

"మూణ్ణెల్లుగా నా కత్తిపీట బాగు జేయిస్తానంటా ఉండారే, అదీ అనుకునేదేనా?"

నిజమే, ఆవిడ కత్తిపీటలో కత్తి ఊడి లటలటలాడుతోంది. దానికి తోడు పూతలపట్టు నుంచి మా అత్తగారు ఊరగాయకని గంపెడు మామిడికాయలు పంపింది. ఆ ఆదివారం కోయకపోతే కాయలు మెత్తబడతాయి, ఏడాదంతా ఊరగాయ ఉండదు. కానీ ప్రచండవర్మ కత్తి ముందు కత్తిపీట ఏమాత్రం చెప్పండి? విననట్టు ఊరుకున్నాను.

ఆదివారం మూడింటికి అందరం బల్ల చుట్టూ చేరాం. పంకజాక్షి గంప పక్కన పెట్టుకుని గుడ్డతో కాయలు తుడుస్తూ కూర్చుంది. నేను ఛాతీ విరిచి నిలబడ్డాను.

"ఓ కమ్మరీ! నా మెరుపునాలుకను అతికించు!"

ఆవిడ తలెత్తలేదు. "రేపు రాప్పా. బొగ్గుల్లేవు."

గోవిందస్వామి సంబరంగా రాసుకున్నాడు. "ఒక దినం అయిపాయె."

"తెల్లారింది!" అన్నాను పళ్ళు కొరుకుతూ. "ఓ కమ్మరీ..."

"కమ్మరి కూతురి పెండ్లికి నగరికి పోయినాడు. ఎల్లుండి రా."

"మూడు దినాలు," అన్నాడు గోవిందస్వామి.

"ఎల్లుండి కూడా వచ్చేసింది! ఇప్పుడేమంటావు?"

"కొలిమి తిత్తి చినిగిపాయె."

బల్ల కింద ఆవిడ కాలు తొక్కాను. "అబ్బా!" అని మునికృష్ణ అరిచాడు.

ఆవిడ చెవి దగ్గరకు వంగాను. "ఏందే ఇది? పరువు తీస్తా ఉండావే!"

"నేనేమన్నా కొత్తగా జెప్పినానా?" ఆవిడ గొంతు తగ్గించలేదు. "కమ్మరి ఎల్లప్ప దగ్గిరికి పొయ్యొచ్చినానని మూణ్ణెల్లుగా మీరు నాకు జెప్పిన మాటలే గదా. బొగ్గుల్లేవు, కూతురి పెండ్లి, తిత్తి చినిగింది. నిన్న ఎల్లప్ప సంతలో కనపడినాడు. ఆయన కూతురికి పెండ్లయ్యి మూడేండ్లంట. మీ మొగం జూసి ఏడాది అయిందంట."

ఎల్లప్ప గడప నేను తొక్కితే కదా!

"ఇంతకీ నీకేం కావల్ల?" అన్నాను ఏడుపుగొంతుతో.

"కత్తిపీట."

"ఆట అయినాక పోతాలే."

గోవిందస్వామి గొంతు సవరించుకున్నాడు. "కమ్మరి ఒక పని అడగొచ్చు, వీరుడు దాన్ని జేసి తీరల్ల. పుస్తకంలో ఉండాది."

"రూలు రూలే గదన్నా," అన్నాడు మునికృష్ణ, కాలు పిసుక్కుంటూ.

మే నెల ఎండలో ప్రచండవర్మ కత్తిపీట భుజాన వేసుకుని బజారున పడ్డాడు. పిలిచి అడగనివాడు పాపాత్ముడు. "ఏమప్పా మునిరామయ్యా, పెండ్లిండ్లలో కూరగాయలు తరిగేదానికి పోతా ఉండావా?" అన్నారు. పంటి బిగువున నడిచాను.

ఎల్లప్ప కత్తిపీట అటూ ఇటూ తిప్పి చూశాడు. మేకు దిగ్గొట్టి, సాన పట్టి, పావుగంటలో చేతికిచ్చాడు.

"ఇంతేనా అప్పా? దీనికి ఆయమ్మ మూణ్ణెల్లు కాసుకోనుండాదా?"

సిగ్గుతో చచ్చాను. డబ్బులిచ్చి పరుగెత్తాను.

ఇల్లు చేరేసరికి ఎండ వాలింది. పంకజాక్షి కత్తిపీట మీద కూర్చుని ఒక కాయను టెంకతో సహా ఒక్క వేటుకు రెండు చేసింది. మొదటిసారి ఆవిడ ముఖంలో నవ్వు కనిపించింది.

"ఇప్పుడు జెప్పు వీరుడా. ఏందో కత్తి అన్నావే?"

ఇంత ఎండ తిన్నాక "ఓ కమ్మరీ" అనే ఓపిక నాకు లేదు. "అతికియ్యవే తల్లీ," అన్నాను. ఆవిడ పాచిక విసిరింది. పద్దెనిమిది!

"అతుక్కునింది!" అని గోవిందస్వామి కేక పెట్టాడు. మునికృష్ణ ముఖం మాడిపోయింది. నేను ఎగిరి గంతేసి చెయ్యి చాపాను.

"ఇట్లియ్యి నా కత్తి!"

"ఉండండి. పదును సూడకుండా ఎవురన్నా ఇస్తారా? ఇందాక కాయ కోసి సూసింది మీరు జూడలే?"

"సరే, ఏ కొమ్మో నరికి జూడు. బిన్నా కానీ, పొద్దుగూకతా ఉండాది!"

"కొమ్మేల? గోవిందస్వామిగారూ, ఆ నిప్పులు కక్కే పాము యాడుంటాది?"

"గుహలోనేమ్మా. కమ్మరింటికి పక్కనే."

"అయితే పొయ్యి సూసొస్తా."

వద్దే అనేలోపు పాచిక బల్ల మీద దొర్లింది. దొర్లి దొర్లి నా ముందుకే వచ్చి ఆగింది. ఇరవై. ఆరు నెలలుగా అంత అంకె నాకు పడిన పాపాన పోలేదు.

గోవిందస్వామి లేచి నిలబడ్డాడు. "పాము సచ్చిపాయె! ఒక్క ఏటుకు!"

"వదినా! పామును సంపినావు, ఇంక దండుకు నాయకురాలివి నువ్వే!" అని మునికృష్ణ చప్పట్లు కొట్టాడు. నాకు దక్కనందుకు వాడికి ఎంత ఆనందమో!

పంకజాక్షి మెరుపునాలుక రాసున్న కాగితం నా చేతిలో పెట్టింది. "ఇదో మీ కత్తి. బాగా తెగతా ఉండాది."

పొద్దుగూకేలోగా కత్తి బాగై నా చేతికి వచ్చింది. ఏం లాభం? ఆ గుహలో నరకడానికి ఇంకేమీ మిగల్లేదు.

"వచ్చే వారం యాడికి పోదాం వదినా?" అని మునికృష్ణ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఆవిడ కత్తిపీట మీద నుంచి లేచి నా కుర్చీలో కూర్చుంది.

"జెప్తా. ముందు ఆయన్ని కాయలు కోయనీ."

నేను పంచె ఎగ్గట్టి కత్తిపీట మీద కూర్చుని గంపలోంచి ఒక కాయ తీసుకున్నాను.