గొర్రె చెవి ఎవరి పళ్లెంలో పడింది

పదవిలో ఉన్నవాణ్ణి మొహమ్మీదే కడిగేయగల మొనగాడు నారిన్ ఏటి ఒడ్డున ఒక్కడే ఉన్నాడు. పేరు ఎసెన్‌కుల్. వయసు డెబ్బై నాలుగు, పళ్లు పదకొండు, భయం సున్నా!

పొద్దున్నే రేడియోలో వార్తలు వినడం, ఆనక శర్షెన్ టీ కొట్టులో కూర్చుని ప్రభుత్వాన్ని పడగొట్టడం అతడి దినచర్య. భోజనాల వేళకు ఇద్దరు మంత్రులైనా రాజీనామా చేసేవారు. ఆ సంగతి రాజధానిలో ఎవరికీ తెలిసేది కాదు, అది వేరే విషయం.

ఇంతలో శాసనసభ్యుడు కనిమెత్ వస్తున్నాడని కబురొచ్చింది, వీధి చివరి కుళాయిని ప్రారంభించడానికి. అప్పటికే దానికి రెండు ప్రారంభోత్సవాలు జరిగాయి. రిబ్బన్లు వచ్చాయి, బాజాలు వచ్చాయి, ఫొటోలవాళ్లొచ్చారు. నీళ్లే రాలేదు. ఆడవాళ్లు ఏటి నుంచి బకెట్లు మోస్తూనే ఉన్నారు.

"విందులో గొర్రె తలకాయ ఎవరి ముందు పెడతారు?" అన్నాడు ఎసెన్‌కుల్ టీ కొట్టులో.

"ఊరికి పెద్దోడివి, నీ ముందే," అన్నాడు శర్షెన్.

"చెవి కోసి ఎవరికిస్తాం?"

"పిల్లలకి. పెద్దల మాట వినాలని."

"దాన్ని వాడి పళ్లెంలో పడేస్తా! 'ఒరే అబ్బాయ్, ఇకనైనా జనం మాట విను' అంటా, అందరి ముందూ!"

"కన్నో?"

"ఎవరు మన కంటి ముందుండాలనుకుంటామో వాళ్లకి కదా! అది మా ఆవిడకి."

కొట్టంతా చప్పట్లు. ఇంటి దగ్గర భార్య బురుల్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. "చెవీ వద్దు, కన్నూ వద్దు. నీళ్లెప్పుడొస్తాయో అడిగి రావయ్యా. నా నడుం పడిపోయింది," అంది.

ఆ రోజు కారు దిగుతూనే కనిమెత్ సరాసరి ఎసెన్‌కుల్ దగ్గరకే వచ్చాడు. "తాతగారూ! మీలాంటి పెద్దలే మాకు దారి!" అంటూ నీలం ముఖమల్ అంగీ భుజాల మీద కప్పి, తన కుడిపక్కన కూర్చోబెట్టుకున్నాడు.

తలకాయ వచ్చింది. కత్తి లేచింది. శర్షెన్ మెడ జానెడు సాగింది. ఎసెన్‌కుల్ చెవి కోశాడు, ఎత్తాడు, శాసనసభ్యుడి పళ్లెం దాకా తెచ్చాడు...

"ఏమైనా చెప్పాలా తాతగారూ?"

"అబ్బే, ఏం లేదు బాబూ!" చెవి ఎసెన్‌కుల్ నోట్లోకే వెళ్లింది. పదకొండు పళ్లతో నములుతూనే కన్ను తీసి పళ్లెంలో పెట్టాడు. "నువ్వెప్పుడూ మా కంటి ముందే ఉండాలి!" ఆపైన రెండు చేతులూ చాచి దీవించాడు: "నీ కుర్చీ కొండలా కదలకుండా ఉండాలి, ఓమిన్!"

"ఓమిన్!" అని, తథాస్తు అన్నట్టు, అందరూ అరచేతులతో మొహాలు తడుముకున్నారు. మూడో రిబ్బను తెగింది. కుళాయి బుస్సుమని కాస్త గాలి వదిలింది. కారు వెళ్లిపోయింది.

"అడిగావా?" అంది బురుల్.

"సందర్భం కుదరలేదు."

"నా కన్నేదీ?"

"ఆయనకిచ్చేశా."

"చెవి?"

"నేనే తిన్నా."

"తిన్నావా! అయితే నీకు బాగా వినబడాలే. ఆ బకెట్లు పట్టుకుని ఏటికి నడు!"

ఎసెన్‌కుల్ నడిచాడు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే: ఆ నీలం అంగీ. మనిషి అంత తేలిగ్గా వంగిపోయాడంటే ఎవరూ నమ్మరని నేనే కుట్టి తొడిగాను. నిజానికి కనిమెత్ "తాతగారూ" అని నా భుజం మీద చెయ్యేశాడు, అంతే!

పేరు మార్చడం కల్పన కిందకి రాదు, మొహమాటం. ఇక వస్తాను, రెండో బకెట్ ఇంకా ఏటి దగ్గరే ఉంది.